ఎవరి చేతి కింద? శ్రమల్లో దీనత్వం, నమ్మకత్వం

(ఒంగోలు దగ్గర ఒక పల్లె సంఘంలో సాయంకాల కూడికలో చేసిన ప్రసంగం. కోతలకు వెళ్లి ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసింది.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్న అమ్మలు వాక్యం చదివేటప్పుడు లేవనక్కర్లేదు. అలాగే కూర్చోండి.

మొదటి పేతురు పత్రిక, అయిదో అధ్యాయం, ఆరు, ఏడు వచనాలు. "దేవుడు తగిన సమయమందు మిమ్మును హెచ్చించునట్లు ఆయన బలిష్ఠమైన చేతిక్రింద దీనమనస్కులై యుండుడి. ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి."

ఏడో వచనం మనందరికీ కంఠతా వచ్చు. క్యాలెండర్ల మీద ఉంటుంది, ఆటోల వెనక ఉంటుంది, కొత్త ఇంటి గుమ్మం మీద రాయించుకుంటాం. ఆరో వచనాన్ని ఏ గుమ్మం మీదైనా చూశారా? నేనైతే చూడలేదు. చింత ఆయన మీద వేయడం మనకు ఇష్టం. ఆయన చేతి కింద ఉండటం కష్టం. కానీ పేతురు ఈ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఒకటి పట్టుకుని ఇంకోటి వదిలేస్తామంటే కుదరదు.

ఈ ఉత్తరం ఎవరికి రాశాడో మొదటి వచనంలోనే ఉంది. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ దేశాల్లో చెదరిపోయినవారికి. పరదేశులకు. సొంత ఊళ్లో ఉన్నట్టు కాకుండా, ఎక్కడో ఎవరి దయ మీదో బతుకుతున్నవాళ్లకు. మన సంఘంలోనూ ఈ నెల సగం ఇళ్లకు తాళాలే కదా. కొందరు గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లారు, కొందరు హైదరాబాదులో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. అలాంటివాళ్లకు రాసిన ఉత్తరం ఇది.

ఇక్కడ నాకొక ప్రశ్న వస్తుంది. మీకూ రావాలి. అప్పటికే అణగదొక్కబడ్డవాళ్లకు 'దీనమనస్సుతో ఉండండి' అని చెప్పడమేంటి? ఈ మాట పెద్దవాళ్లకు చెప్పాలి, ఆస్తిపాస్తులున్నవాళ్లకు చెప్పాలి, అధికారంలో ఉన్నవాళ్లకు చెప్పాలి. పొద్దున్నే కూలికి వెళ్లి, మేస్త్రీ చేత నాలుగు మాటలు పడి, సాయంత్రం అప్పులవాడి ముందు తల దించుకునే మనిషికి ఇంకా ఏం దీనత్వం నేర్పాలి? వాళ్ల బతుకే కిందుగా ఉంది కదా?

అందుకే వచనాన్ని జాగ్రత్తగా చదవండి. ఎవరి చేతి కింద? ఆయన చేతి కింద. మేస్త్రీ చేతి కింద అనలేదు. అప్పులవాడి చేతి కింద అనలేదు. ఆయన చేతి కింద. ఈ తేడా పట్టుకోకపోతే దీనత్వం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా మనకు మేలు జరగదు. కీడే జరుగుతుంది.

ఈ తేడా మన ప్రాంతంలో మొదట నమ్ముకున్నవాళ్లకు బాగా తెలుసు. ఎవరు వాళ్లు? మన తాతముత్తాతలు. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్యగారి పేరు పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. తోళ్ల వ్యాపారం చేసే మనిషి. 1866లో ఆయన, ఆయన భార్య బాప్తిస్మం పొందారు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. అక్కడి నుంచి మాదిగపల్లెల్లో ఒక్కొక్క కుటుంబం నమ్ముకుంటూ వచ్చింది. నమ్ముకున్నవాళ్లు మూడు సంగతులు మానేశారు. చచ్చిన పశువు మాంసం తినడం మానేశారు. ఆదివారం పని మానేశారు. ఊరి దేవత కొలువులో డప్పు కొట్టడం మానేశారు.

ఈ మూడింటికే ఊళ్లు అట్టుడికిపోయాయి. ఇప్పుడు మనకు చిన్న సంగతిలా కనిపిస్తుంది, డప్పు కొట్టకపోతే ఏమైందిలే అనిపిస్తుంది. ఆ రోజుల్లో డప్పు కొట్టను అనడమంటే ఊరి మొత్తాన్ని ఎదిరించినట్టే. ఏం చేశారు వాళ్లను? చాకలి మీ బట్టలు ఉతకనన్నాడు. కుమ్మరి కుండలు అమ్మనన్నాడు. పశువులను ఊరి బీడులోకి రానివ్వలేదు. చెప్పులు కుట్టే పని ఇవ్వలేదు. కళ్లంలో పంట నూర్చాక ఇవ్వాల్సిన మేర ఇవ్వలేదు. ఏడాదంతా చాకిరీ చేసినవాళ్లకు మేర ఇవ్వలేదంటే అర్థమవుతోందా మీకు? ఆ ఏడు తిండి లేదని. పిల్లలకు గంజి లేదని.

అయినా డప్పు పట్టలేదు.

వాళ్లు దీనులా కాదా చెప్పండి. తిరిగి కొట్టారా? లేదు. కొట్టాలు తగలబెట్టారా? లేదు. దేవుని ముందు మోకాళ్ల మీద ఉన్నారు. కానీ ఊరి పెద్ద 'డప్పు పట్టరా' అంటే పట్టలేదు. దేవుని చేతి కింద ఉన్నారు కాబట్టే ఊరి చేతి కిందకు వెళ్లలేదు. నేను దీనత్వం అనేది దీన్నే. ఇంతకంటే గొప్ప నిదర్శనం కోసం నేను వేరే దేశానికి వెళ్లను.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోనే జరిగింది. పై కులాలవాళ్లు కొందరు క్లౌ దొరగారి దగ్గరకు వచ్చి, 'మీరు ఈ మాదిగవాళ్లను చేర్చుకోవడం ఆపితే మేం వస్తాం' అన్నారు. బళ్లో పిల్లల్ని కూడా మాన్పించారు. ఆయనకు ఏం చేయాలో తోచలేదు. ఒక గదిలో బైబిలు తెరిచారు. మొదటి కొరింథీ, మొదటి అధ్యాయం, ఇరవై ఆరో వచనం కళ్లబడింది. "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." ఇంకో గదిలో ఆయన భార్య బైబిలు తెరిస్తే ఆమెకూ అదే చోటు. ఇద్దరూ మాట్లాడుకున్నాక తెలిసింది. ఇక వెనక్కి చూడలేదు. పెద్దవాళ్ల సంఘం ఒకటి చేతికందే దూరంలో ఉంటే వదులుకున్నారు. అదీ దీనత్వమే.

అమ్మా, ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మగవాళ్లు కూడా వినండి. తాగొచ్చి కొట్టే భర్త దగ్గర నోరు మూసుకుని పడి ఉండటాన్ని కొందరు దీనత్వం అని బోధిస్తున్నారు. 'సిలువ మోయమ్మా' అంటున్నారు. బైబిలు అలా చెప్పలేదు. అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయం చదవండి. ఫిలిప్పీలో పౌలును, సీలను అన్యాయంగా బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. రాత్రి ఇద్దరూ పాటలు పాడారు, అది అందరికీ తెలుసు. తెల్లారాక ఏం జరిగింది? అధికారులు 'గుట్టుగా వెళ్లిపొండి' అని కబురు పంపారు. పౌలు వెళ్లాడా? వెళ్లలేదు. 'మేం రోమీయులం. విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించారు. ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా? వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి' అన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి పాట పాడిన పౌలు, పొద్దున న్యాయం అడిగిన పౌలు, ఇద్దరూ ఒక్కరే. అదే పౌలు తర్వాత ఆ ఫిలిప్పీవాళ్లకే దీనత్వం గురించి ఉత్తరం రాశాడు. కాబట్టి దెబ్బలు తింటున్న చెల్లెలు సంఘ పెద్దలకు చెప్పాలి. అప్పటికీ ఆగకపోతే స్టేషనుకు వెళ్లాలి. వెళ్లేటప్పుడు సంఘం ఆమె వెంట నడవాలి. ఆమెను ఒంటరిగా పంపితే తప్పు మనది.

సరే, మనుషులు పెట్టే శ్రమ గురించి చెప్పాను. మనిషి చేయి కనిపించని శ్రమ సంగతేంటి? జబ్బు, కరువు, చేతికొచ్చిన పొగాకు వానకు పాడవడం. వీటి గురించి ఎవరి మీద కేసు పెడతాం? ఇక్కడే మన విశ్వాసం తడబడుతుంది.

మా బంధువుల్లో ఒక సోదరికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం బస్సులో వెళ్లి వస్తుంది. వెళ్లిన రోజు వచ్చి పడుకుంటే మర్నాటి దాకా లేవలేదు. ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చినవాళ్లు ఆమె మంచం పక్కన కూర్చుని 'నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉందమ్మా, అందుకే స్వస్థత ఆగింది' అన్నారు. ఆమె నన్ను అడిగింది, 'నేనేం చేశానన్నా?' అని. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తోంది. యోబు గ్రంథం ముప్పై ఏడు అధ్యాయాల మాటలు నడిచాక దేవుడు తానే మాట్లాడాడు. చివర ఎవరి మీద కోపపడ్డాడు? ఏడ్చిన యోబు మీదా? కాదు. తన పుట్టిన రోజును తిట్టుకున్న యోబు మీద కాదు. 'నువ్వేదో తప్పు చేసి ఉంటావు' అని చెప్పిన స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు అన్నాడు. నలభై రెండో అధ్యాయం, ఏడో వచనం. గుర్తు పెట్టుకోండి. మంచం మీద ఉన్నవాళ్ల దగ్గరకు వెళ్లే ముందు ఒకసారి చదువుకుని వెళ్లండి.

ప్రభువు శిష్యులు కూడా అదే ప్రశ్న వేశారు. పుట్టు గుడ్డివాణ్ని చూసి 'ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవారా?' అని. మన ఇరుగుపొరుగు అడిగినట్టే ఉంది కదూ? ప్రభువు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు. ఆయన అలా అన్నాక మనం ఇంకోలా అనడానికి లేదు.

ఆ సోదరి దేవుణ్ని వదల్లేదు. అయితే ఆమె నవ్వుతూ ఉందని నేను చెప్పను. ఏడుస్తుంది. 'ఎందుకు ప్రభువా' అంటుంది. మాత్రలు వేసుకుంటుంది, డయాలసిస్‌కు వెళ్తుంది, ఓపిక ఉన్న ఆదివారం గుడికి వస్తుంది. నమ్మకత్వం చాలా సార్లు ఇంతే. పెద్ద సాక్ష్యంలా మైకులో చెప్పుకునేది కాదు. లేవగలిగిన రోజు లేవడం. ప్రార్థన చేశాం కదా అని మాత్రలు ఆపమని ఎవరైనా చెప్తే వినకండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. పౌలు ఆయన్ను 'ప్రియుడైన వైద్యుడు' అన్నాడు.

మనలో చాలామందికి దేవునితో లెక్క చీటీ పాటలా ఉంటుంది. నెలనెలా కట్టాను, ఎప్పుడో ఒకప్పుడు పాట నాకు రావాలి. దశమభాగం ఇచ్చాను, ఉపవాసం ఉన్నాను, కూటాలకు వచ్చాను, మరి నా కొడుకుకు ఉద్యోగం ఏది? రాకపోతే చీటీ ఆపేస్తాను. ఇలా అనుకునేవాళ్లను నేను తప్పుపట్టడానికి రాలేదు. ఇబ్బందిలో ఉన్న మనిషికి ఆశ ఉంటుంది. కానీ ఈ లెక్కతో శ్రమలో నిలబడలేం. నిలబడ్డవాళ్ల లెక్క వేరు.

దానికీ మన గడ్డ మీదే సాక్ష్యం ఉంది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా జనం ఆకలితో, కలరాతో రాలిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. కొత్తపట్నం వెళ్లేటప్పుడు దాటుతాం కదా, ఆ కాలువే. అందులో మూడున్నర మైళ్ల పని క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకున్నారు. ఎందుకు? జనానికి కూలి దొరకాలని. సంఘ బోధకులు అక్కడే పని చూసుకుంటూ, విరామంలో వాక్యం చెప్పేవాళ్లు. ఆకలితో ఉన్న జనం 'మాకు బాప్తిస్మం ఇవ్వండి' అని అడిగారు.

ఆయన ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆలోచించండి. ఇప్పుడైతే ఇంత మంది చేరారని ఫోటోలు తీసి పెడతాం. బియ్యం కోసం వచ్చారన్న మాట పడకూడదని, వాళ్ల విశ్వాసం వాళ్లకే స్పష్టంగా తెలియాలని ఆయన ఆగారు. కరువు పని ముగిసింది, సాయం ముగిసింది. ఇక కూలి లేదు, డబ్బు లేదు అని చెప్పేశారు. అప్పుడు తగ్గాలి కదా జనం? తగ్గలేదు. ఇంకా వచ్చారు. 'మాకు సాయం వద్దు. మా చేతుల బొబ్బలు చూడండి, మేం పని చేసుకుని బతికేవాళ్లం. ఈసారి పంట పోతే చచ్చిపోతాం. చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం' అన్నారు.

1878 జులై 3. గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర. ఆ ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. ఇద్దరిద్దరు బోధకులు నీళ్లలో నిలబడి ఇస్తూ ఉంటే, వాళ్లు అలిసిపోగానే ఇంకో ఇద్దరు దిగేవాళ్లు. ఇచ్చింది తెలుగు బోధకులే.

ఈ అంకె మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవచ్చు. నాకు మాత్రం ఆ అంకె కంటే ముందున్న పదిహేను నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ఇంకా వెనక్కి వెళ్తే ఏముంది? 1840లో ఇదే మిషన్‌కు చెందిన డే దొరగారు నెల్లూరులో పని మొదలుపెట్టారు. పదమూడేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదని 1853లో అమెరికాలో ఈ మిషన్ మూసేద్దామా అని చర్చ జరిగింది. 1854 జనవరి 1, తెల్లవారుజామున జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కారు. అయిదుగురు. ఈ ఊళ్లను చూస్తూ ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. ఆ ప్రార్థనకు, గుండ్లకమ్మ దగ్గర ఆ రోజుకు మధ్య ఇరవై నాలుగేళ్లు. ఆ మధ్యలో ప్రతి ఉదయం లేచినవాళ్లకు 1878 వస్తుందని తెలియదు. తెలియకుండానే నమ్మకంగా ఉన్నారు. వచనంలో 'తగిన సమయమందు' అని ఉంది చూశారా? ఆ సమయం ఎప్పుడో మనకు చెప్పలేదు. ఆ సమయం ఈ భూమి మీదే వస్తుందని కూడా చెప్పలేదు. కరువులో పోయిన విశ్వాసులు గుండ్లకమ్మను చూడలేదు. వాళ్ల నమ్మకత్వం తక్కువైనదా? కాదు. ప్రకటన గ్రంథంలో, శ్రమల్లో ఉన్న స్ముర్న సంఘానికి ప్రభువు ఏం రాయించాడు? మీ శ్రమ రేపు తీరిపోతుందని రాయించలేదు. "మరణమువరకు నమ్మకముగా ఉండుము. నేను నీకు జీవకిరీటమిచ్చెదను" అని రాయించాడు.

ఇందాక ఒక తమ్ముడు చీటీ మీద ప్రశ్న రాసి పంపాడు. 'అన్నా, అలాగైతే స్వస్థత కోసం ప్రార్థన చేయాలా వద్దా? ఆయన చేతి కింద ఉండటమంటే ఏమీ అడగకుండా ఉండటమా?'

మంచి ప్రశ్న. చేయాలి, తమ్ముడూ. గట్టిగా చేయాలి. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ఒక్కసారి అడిగి ఊరుకోలేదు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. అడిగినందుకు ప్రభువు ఆయన్ని గద్దించలేదు. ప్రభువు తానే గెత్సేమనే తోటలో ఈ గిన్నె తొలగించమని మూడుసార్లు ప్రార్థించాడు. చెమట రక్త బిందువుల్లా పడింది. కుమారుడే అడిగాడు, మనం అడగకూడదా? అడిగి, ఏడ్చి, చివర 'నీ చిత్తమే' అన్నాడు. చివరి మాటకు ముందు ఆ ఏడుపు ఉంది. మనం ఆ ఏడుపును దాటేసి 'నీ చిత్తమే' అని పైపైన అంటే అది దీనత్వం కాదు, దేవునితో ఇక మాట్లాడటం మానేయడం. ఫిలిప్పీ రెండో అధ్యాయంలో "సిలువమరణము పొందునంతగా విధేయత చూపినవాడై, తన్నుతాను తగ్గించుకొనెను" అని చదువుతాం. ఆ తగ్గింపులో గెత్సేమనే కూడా ఉంది. కాబట్టి అడుగు. బాగుపడితే కృతజ్ఞత చెప్పు. బాగుపడకపోతే మర్నాడు మళ్లీ అడుగు. ఆయన దగ్గర నుంచి లేచి వెళ్లిపోకు. అదే నేను చెప్పేది.

ఇప్పుడు ప్రార్థన చేసుకుందాం. జబ్బుతో ఉన్నవాళ్ల పేర్లు, ఊరు వదిలి పనికి వెళ్లినవాళ్ల పేర్లు చెప్పండి. అయితే ఈరోజు పేరుతో ఆపొద్దు. ఆ ఇంటికి ఏం కావాలో కూడా చెప్పండి. ఆసుపత్రికి తోడు కావాలా, నెలకు సరిపడా బియ్యం కావాలా, పిల్లవాడికి హాస్టల్ ఫీజు కావాలా. సంఘ పెద్దలు ముందు వరుసలోనే ఉన్నారు, రాసుకుంటారు. అన్నా, పుస్తకం తీయండి. మొదట ఆ కుడి పక్క చివర కూర్చున్న అమ్మ చెప్పండి.